ఊరు మున్సిపాలిటీల కలిసినంక వార్త మన ఇంటికి రాదు



ఈసారి మందుల గురించి గాదు, విత్తనాల గురించి గాదు. చాన రోజుల సంది కొందరు ఫోన్ చేసి ఒకటే అడుగుతున్నరు. "అన్నా, మా ఊరు గూడ మున్సిపాలిటీల కలుపుతరట, మంచిదా చెడ్డదా?" అని. ఒక్క ముక్కల జవాబు చెప్పేది గాదు. మా ఊరు కలిసి ఏడేండ్లు దాటింది. మాకు ఏం జరిగిందో చెప్తా, మీరే తేల్చుకోండి. దీంట్ల నా తప్పు గూడ ఉంది. అది దాచి చెప్తే చెప్పుడెందుకు?

మాది జిల్లా కేంద్రానికి 6 కిలోమీటర్ల ఊరు. నాకు 3 ఎకరాల 10 గుంటల భూమి. బోరు కింద ఎకరం వరి, అర ఎకరం కూరగాయలు, మిగిలింది మక్క. 2016 దసరా నాడు కొత్త జిల్లాలు అయినయి గద, అప్పటిదాక మా పట్నం ఒక తాలూకా లెక్కనే ఉండె. జిల్లా కాంగనే కలెక్టరాఫీసు, ఎస్పీ ఆఫీసు, కొత్త కొత్త బిల్డింగులు. రోడ్డు పక్కపొంటి భూములల్ల తెల్ల రాళ్లు పాతిన్రు. ఎకరాల లెక్క పోయి గజాల లెక్క వచ్చింది. వరి కోసిన మడిల రెండోనాడే "ప్లాట్లు అమ్మబడును" అని బోర్డు లేస్తుండె.

అప్పుడు నేను వార్డు మెంబర్ని. 2013 ఎలక్షన్లల్ల గెలిచిన. మా ఊరిని మున్సిపాలిటీల కలిపే మాట వచ్చినప్పుడు సర్పంచు మమ్మల్నందరిని పిలిచిండు. సీసీ రోడ్లు వస్తయి, మోరీలు వస్తయి, భూమి రేటు పెరుగుతది అన్నరు. నాకు భూమి రేటు మాటనే చెవులవడ్డది. బిడ్డ పెండ్లి ముందల ఉంది. కలిస్తే ఏం పోతదని ఒక్కరం గూడ అడగలె. సంతకం పెట్టిన. పెట్టుడు ఒక్కటే గాదు, ఇద్దరు మెంబర్లు గునుస్తుంటే వాళ్లతోని గూడ నేనే పెట్టించిన.

2018 ఆగస్టుల పంచాయతీల గడువు అయిపోయింది. అప్పుడు రాష్ట్రంల చాన ఊర్లు మున్సిపాలిటీలల్ల కలిసినయి, మాది గూడ కలిసింది. పంచాయతీ ఆఫీసు మీద పాత పేరుకు సున్నం కొట్టి కొత్త పేరు రాసిన్రు. ఆ నాడు మిఠాయి పంచినోళ్లల్ల నేనొకణ్ని.

మొదట్ల బాగనే అనిపించింది. వీధి లైట్లు మారినయి. చెత్త బండి పాట పెట్టుకుంట వాడకట్టుల తిరిగింది. అబద్ధం చెప్పొద్దు, మోరీలు గూడ మునుపటికంటె జర నయమే. పాసుబుక్కు ఉన్న సాగు భూమికి రైతుబంధు గూడ ఆగలె. మరి ఏం పోయింది? పోయింది కండ్లకు కనవడేది గాదు, అందుకే తెలువనీకె టైం పట్టింది. వార్త పోయింది.

వార్త పోవుడేంది అంటరేమో. యాది చేసుకోండి. పంచాయతీ ఉన్ననాడు ఏ ముచ్చటైనా ఊర్లకు ఎట్ల వచ్చేది? పొద్దుగూకే యాల్లకు కావలికారు డప్పు కొట్టుకుంట వచ్చేటోడు. "రేపు పొద్దుగాల చావడికాడ గ్రామసభ ఉన్నదహో, అందరు రావాలెనహో" అని. వాడకట్టుకొక కాడ ఆగి చెప్పేటోడు. చదువు రానోళ్లకు, ఫోన్ లేనోళ్లకు, మంచంల ఉన్న ముసలోళ్లకు గూడ ఇనవడేది. గ్రామసభల మాటకు మాట వచ్చేది. ఒకసారి బోరు మోటారు బిల్లు మీద సర్పంచును రెండు గంటలు నిలవెట్టి అడిగిన్రు. 2018ల వచ్చిన పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకొకసారి గ్రామసభ పెట్టాలె అంటది. పంచాయతీ లేని ఊరికి ఆ సభ యాడిది?

మున్సిపాలిటీల డప్పు లేదు. ఆఫీసుల నోటీసు బోర్డు ఉంటది, పేపర్ల ఓ మూలకు చిన్న ప్రకటన పడ్తది. గడువు రాస్తరు. గడువు లోపల నువ్వు చూస్తే చూసినట్టు, లేకుంటే నీకు అభ్యంతరం లేనట్టు. మా కావలికారు మున్సిపాలిటీల సఫాయి పనిల చేరిండు. డప్పు వాళ్లింట్ల అటక మీద పడి ఉంది.

మొదటి దెబ్బ ఉపాధి హామీ. ఆ పని పల్లెలకే ఉంటది, పట్నాలకు ఉండదు. మున్సిపాలిటీల కలిసినమంటే జాబ్ కార్డు చెల్లదు. ఈ సంగతి మాకు ఎట్ల తెలిసిందో చెప్తే నవ్వుతరు. మరుసటి ఎండాకాలం మా ఇంటామె, ఇంకొంతమంది ఆడోళ్లు గడ్డపారలు, తట్టలు పట్టుకొని చెరువు పూడిక పనికి పోయిన్రు. ఆడ పక్కూరోళ్లు పని చేస్తున్నరు. ఫీల్డ్ అసిస్టెంటు లిస్టు చూసి, "మీ ఊరు ఇప్పుడు టౌను గదక్కా, మీ పేర్లు లేవు" అన్నడు. వచ్చిన తొవ్వనే తట్టలు నెత్తిన పెట్టుకొని ఎనుకకు వచ్చిన్రు.

మా ఇంటామె రెండు రోజులు నాతోని మాట్లాడలె. మా వాడకట్టుల ఒక అవ్వ ఉంది, గుంట భూమి లేదు, కొడుకు గల్ఫ్ పోయి పైసలు పంపుడు బంద్ చేసిండు. ఏడాదికి నూరు రోజులల్ల ఆమె డెబ్బయి, ఎనభై రోజులు చేసుకునేది. ఆమె మా ఇంటి ముంగటికొచ్చి ఒక్కటే అడిగింది.

"నువ్వు సంతకం పెడితివి గద బిడ్డా, మరి నా కార్డేమాయె?"

పైన మాట్లాడి చూస్తా అవ్వా అన్న. చూసిందేం లేదు. రెండుసార్లు ఆఫీసుకు పోయిన, కాదన్నరు, ఇడిసిపెట్టిన. నాకేమో నా భూమి ఉండె, నా పని ఉండె.

రెండో దెబ్బ నా మీదనే పడ్డది.

2023 జనవరిల కామారెడ్డి సంగతి మీకందరికి ఎరికే. అక్కడ మున్సిపాలిటీ మాస్టర్ ప్లాన్ ముసాయిదాల రైతుల భూములు ఇండస్ట్రియల్ జోన్ల పడ్డయని ఊర్లకు ఊర్లే రోడ్డెక్కినయి. కలెక్టరాఫీసు ముంగట కూసున్నరు. ఆఖరికి అదే నెలల కౌన్సిల్ ఆ ముసాయిదాను ఎనుకకు తీసుకుంటమని తీర్మానం చేసింది. జగిత్యాలల గూడ అట్లనే అయ్యింది. నేను పేపర్ల చదివిన, పాపం అనుకున్న. మనదాక రాదు అనుకున్న.

ఏడాది తిరిగింది. 2024 యాసంగి నాట్లు అయిపోయి పొలంకాడ గట్టు చెక్కుతున్న. ఒక బ్రోకర్ వచ్చిండు. ఇంతకుముందు రెండుసార్లు వచ్చి మంచి రేటే చెప్పిపోయిన మనిషి. ఈసారి ఎకరానికి సగం రేటు చెప్పిండు. ఇదేంది తమ్ముడా, ఇంత తగ్గింది అంటే నా మొఖం చూసి, "నీకు తెల్వదా కాకా? నీ పొలంల నుంచి 100 ఫీట్ల రోడ్డు పడ్డది నక్షల. ఇప్పుడు అమ్ముకుంటెనే ఇంతన్న వస్తది" అన్నడు.

నా భూమి మీద గీత పడ్డదని నాకంటె ముందు వానికి తెలుసు. చేతుల పార ఉంది, చెక్కబుద్ధి కాలె. పార గట్టు మీదనే వదిలేసి ఇంటికి వచ్చిన.

తెల్లారి మున్సిపల్ ఆఫీసుకు పోయిన. మాస్టర్ ప్లాన్ నక్ష యాడుంది సారూ అంటే పైన అన్నరు. పైన వరండల గోడకు అతికించి ఉంది. రంగు రంగుల ముగ్గు లెక్క ఉంది. పసుపు రంగు ఇండ్లకట, ఊదా రంగు పరిశ్రమలకట, పచ్చ రంగు పార్కులకట. సర్వే నంబర్లు చీమ తలకాయలంత ఉన్నయి. అద్దాలు పెట్టుకున్నా కనవడలె. పక్కకున్న నోటీసు చదివిన. అభ్యంతరాలకు 60 రోజులు గడువు. తారీఖు నుంచి ఏండ్ల మీద లెక్క పెట్టుకున్న. 47 రోజులు అయిపోయినయి. 13 రోజులు మిగిలినయి.

ఫోన్ల ఫోటోలు తీసుకొని వచ్చి పక్కింటి పిలగానికి చూపిచ్చిన. డిగ్రీ చదువుతున్నడు. వాడు పెద్దగ చేసి చూపెట్టిండు. మా ఊరి పాత నక్ష పక్కన పెట్టుకున్నం. చెరువు కట్ట యాడ, వాగు యాడ, బడి యాడ అని గుర్తులు పట్టుకుంట పోతే ఆ గీత వచ్చి నా పొలం నడుమల నుంచే పోయింది. నా పొలం అడ్డం 300 ఫీట్లు ఉంటది. 100 ఫీట్ల రోడ్డు అంటే 27 గుంటల పైన పోతది. బోరు గూడ దాంట్లనే. మిగిలింది రెండు ముక్కలు, రోడ్డుకు అటొకటి ఇటొకటి. బోరు లేని రెండు ముక్కలు. మా నాయన ఆ బోరు ఏపిచ్చిన నాడు నీళ్లు పడ్డయని ఊరంత బెల్లం పంచిండు.

నేనొక్కణ్నే గాదు. లెక్క తీస్తే ఆ రోడ్డు కింద, పచ్చ రంగు కింద కలిపి 23 మంది రైతులం తేలినం. అందుల ఒక్కరికి గూడ తెల్వదు. ఇద్దరైతె అప్పటికే అగ్గువకు అగ్రిమెంటు రాసిచ్చిన్రు, అదే బ్రోకర్‌కు.

ఆ రాత్రి హనుమాండ్ల గుడికాడ అందరిని జమ చేసిన. ఇంటింటికి తిరిగి పిలిచిన. నక్ష ప్రింటు తీయించి గుడి గోడకు పెట్టి ఒక్కొక్కరికి వాళ్ల పొలం చూపెడుతున్నం. అరుగు మీద ఆ అవ్వ గూడ కూసుంది. ఆమెకు భూమి లేదు, ఆమెకేం పని ఉందని నేననుకున్న. అందరు మాట్లాడినంక ఆమె లేచింది.

"నీ పొలంల గీత పడ్డదని ఇయ్యాల ఊరంత జమ చేసినవు బిడ్డా. మా కార్డులు పోయిన నాడు ఎవ్వర్ని జమ చేసినవు?"

ఎవరు మాట్లాడలె. నేను గూడ మాట్లాడలె. ఏం మాట్లాడుత? ఆమె అన్నదాంట్ల తప్పేముంది? కోపంతోని గూడ అనలె, ఊకె అడిగినట్టు అడిగింది. అప్పటిసంది ఆ మాట నన్ను ఇడుస్తలేదు.

తర్వాత 13 రోజులల్ల ఏం చేసినమో చెప్తా, మీకు పనికొస్తది. 23 మందిమి ఎవరి దరఖాస్తు వాళ్లమే రాసినం. ఒక పెద్దమనిషి అందరి తరఫున రాస్తే సరిపోతదని ఆఫీసుల అన్నరు, మేము ఒప్పుకోలె. ఎవరి సర్వే నంబరు, ఎంత విస్తీర్ణం, ఏం పంట, బోరు యాడుంది, రోడ్డు పోతే ఏం నష్టం, పక్కకు సర్కారు భూమి నుంచి మలిపే జాగ ఉందా అనేది రాసినం. పాసుబుక్కు జిరాక్సు జత చేసినం. రెండు కాపీలు తీసుకపోయి ఒకటి ఇచ్చి, రెండో దాని మీద ముద్ర, తారీఖు, ఇన్వర్డు నంబరు ఏపిచ్చుకున్నం. ముద్ర లేని కాగితం ఇచ్చినా ఒకటే, ఇయ్యకున్నా ఒకటే. సోమవారం ప్రజావాణిల కలెక్టర్ సారుకు గూడ ఒక కాపీ ఇచ్చినం.

ఏమాయె అంటే, ఆ ప్లాన్ తుది రూపం ఇంక రాలె. గీత పోయిందని చెప్పను, ఉందని చెప్పను. ఇన్వర్డు కాగితాలు 23 నా దగ్గర బీరువల భద్రంగ ఉన్నయి. అగ్రిమెంటు రాసిచ్చిన ఇద్దరిది మాత్రం చేయి దాటిపోయింది.

ఇప్పుడు మళ్ల ఎందుకు రాస్తున్న అంటే, ఇది మా ఒక్క ఊరి ముచ్చట గాదు. హైదరాబాద్ చుట్టు చూడండి. 2007ల 12 మున్సిపాలిటీలు, 8 పంచాయతీలు కలిపి జీహెచ్ఎంసీ చేసిన్రు. 2024ల అవుటర్ రింగు రోడ్డు పొంటి 51 గ్రామ పంచాయతీలను దగ్గరి మున్సిపాలిటీలల్ల కలిపిన్రు. మళ్ల 2025 ఆఖరున 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లను జీహెచ్ఎంసీల కలిపిన్రు. అంటే పంచాయతీ ఉన్న ఊరు చూస్తుండంగనే మున్సిపాలిటీ ల పడ్డది, అది పోయి మహానగరంల పడ్డది. జిల్లా పట్నాలు గూడ అదే తొవ్వల ఉన్నయి. పట్నం మన దగ్గరికి వస్తనే ఉంటది, ఆపేది మన చేతుల లేదు. కాని వచ్చేటప్పుడు కండ్లు తెరిచి ఉండుడు మన చేతులనే ఉంది.

మొన్న 2025 డిసెంబర్ల పక్కూర్లల్ల సర్పంచు ఎలక్షన్లు అయినయి. దగ్గర దగ్గర రెండేండ్లు సర్పంచు లేక వాళ్లు గూడ తిప్పలు పడ్డరు, ఇప్పుడు అడిగేటందుకు ఒక మనిషి వచ్చిండు. మేము దూరం నుంచి డప్పులు, పటాకులు ఇనుకుంట కూసున్నం. మా కౌన్సిలర్ల గడువు 2025 జనవరిలనే అయిపోయింది. ఆ తర్వాత స్పెషల్ ఆఫీసర్ పాలన నడిచింది. అప్పుడు లైటు పోయిందని ఎవరికి చెప్పాలె అంటే పట్నం పోవాల్సి వచ్చేది.

నేను నేర్చుకున్నవి ఇవి.

ఒకటి. మీ ఊరు కలుపుతమంటే, పంచాయతీ ఉన్నప్పుడే గ్రామసభ పెట్టమని అడగండి. ఏమొస్తది అని గాదు, ఏం పోతది అని అడగండి. భూమి లేనోళ్లను ముందు కూసోబెట్టి వాళ్లను ముందు మాట్లాడనియ్యండి. మాకు కలిసినప్పుడు లాభం లెక్క భూమి ఉన్నోళ్లం వేసుకున్నం, నష్టం భూమి లేనోళ్లు కట్టిన్రు.

రెండు. మాస్టర్ ప్లాన్ ముసాయిదా పెట్టిన్రా లేదా అని నెలకొకసారన్న ఆఫీసుల అడగండి. మీ సర్వే నంబరు ఏ రంగుల ఉందో, ఏ రోడ్డు కింద ఉందో రాసుకోండి. గడువు తారీఖు ఇంటి గోడ మీద రాసుకోండి. నోటి మాట వద్దు, కాగితం ఇయ్యండి, ముద్ర తీసుకోండి.

మూడు. నక్షల గీత పడ్డదని భయపడి అగ్గువకు అమ్ముకోకండి. ముసాయిదా అంటే ముసాయిదానే, సర్కారు ఆమోదం పడితేనే అది పక్కా. ఆ తర్వాత గూడ గీత పడ్డంత మాత్రాన భూమి పోయినట్టు గాదు. సర్కారు భూమి సేకరించాలంటే 2013 భూసేకరణ చట్టం ఉంది, నోటీసు ఇయ్యాలె, పరిహారం కట్టాలె. గీతను చూపెట్టి భయపెట్టే బ్రోకర్‌కు ఆ గీత అవుతల ఏమొస్తదో మనకంటె బాగ తెలుసు.

నాలుగు. 2019 మున్సిపల్ చట్టంల వార్డుకు నాలుగు కమిటీలు ఉంటయి. యువకులది, ఆడోళ్లది, పెద్ద వయసోళ్లది, ఊరి ప్రముఖులది. ఒక్కొక్క దాంట్ల 15 మంది. గ్రామసభ పోయిన కాడ మనకు మిగిలింది ఇదే. మా వార్డుల కమిటీ ఉందన్న సంగతే మాకు చాన రోజులు తెల్వదు. ఎలక్షన్లు రాంగనే ఓటు అడుగ వచ్చినోణ్ని దీని గురించి అడగండి. కూలికి పోయే ఆడోళ్ల పేర్లు దాంట్ల ఉండేటట్టు చూడండి. ఓటరు లిస్టుల మీ పేరు ఏ వార్డుల పడ్డదో గూడ చూసుకోండి.

ఐదు. చిన్న లాభాలు గూడ ఉన్నయి, తెల్వక పోగొట్టుకోకండి. ఇంటి పన్ను ఏప్రిల్‌ల కడితే 5 శాతం తగ్గుతది. 75 గజాల లోపల ఇల్లు కట్టుకునేటోళ్లకు పర్మిషన్ అక్కర లేదు, ఒక రూపాయితోని రిజిస్టర్ చేసుకుంటే చాలు. దానికి వేలకు వేలు అడిగేటోణ్ని నమ్మకండి. ఏ కాగితమన్న చూపెట్టకుంటే 10 రూపాయలు కట్టి సమాచార హక్కు కింద అడగండి, 30 రోజులల్ల చెప్పాలె.

ఇగ నా సంగతి. రెండేండ్ల సంది ప్రతి సోమవారం కూరగాయలు దించినంక మున్సిపల్ ఆఫీసుకు పోతున్న. నోటీసు బోర్డు మీద ఏ కాగితముంటే అది ఫోటో తీస్తున్న. ఊరి గ్రూపుల పెడ్తున్న. సాయంత్రం హోటల్‌కాడ గట్టిగ చదువుతున్న. కొందరు "వచ్చిండు మన కొత్త కావలికారు" అని నవ్వుతరు. నవ్వనీ.

గ్రూపుల లేనోళ్ల ఇండ్ల ముంగట నుంచి నడుచుకుంట పోయి చెప్పి వస్తున్న. మొదట ఆ అవ్వ ఇంటికే పోత. ఆమె కార్డు తిరిగి తేలేదు, తెచ్చే తొవ్వ గూడ నాకు దొరకలె. నాట్లప్పుడు, కలుపప్పుడు మా 23 మంది పొలాలల్ల ముందు మా వాడకట్టు కూలోళ్లనే పిలవాలని మాట్లాడుకున్నం. అది నూరు రోజులకు సమానం గాదు, నాకెరికే. పోయిన వారం పోయి నోటీసు సంగతి చెప్తుంటే, "గీ వారం మా అసుంటోళ్లకేమన్న ఉన్నదా?" అని అడిగింది. లేదవ్వా అన్న. "మల్ల వారం గూడ చూడు" అన్నది.

చూస్తా.

మీ ఊరు ఎంత దూరంల ఉంది పట్నానికి? కలుపుతమని మాట వచ్చిందా? మీ ఆఫీసు నోటీసు బోర్డు ఒక్కసారన్న చూసిన్రా? రేపు పని మీద పట్నం పోతే ఒక పది నిమిషాలు ఆగి చూసి రండి. ఏముందో పది మందికి చెప్పండి, ఫోన్ లేనోళ్లకు ముందు చెప్పండి.

ఉంటా మరి. మక్కకు నీళ్లు పెట్టేది ఉంది, కరెంటు వచ్చే టైం అయ్యింది.